ట్రస్ట్‌కి మేనేజర్‌ని పెట్టుకుందామంటే జీతం ఎంతివ్వాలి, ఎక్కడ్నుంచి తేవాలి?

ప్రశ్న: నేను రిటైర్డ్ హెడ్‌మాస్టర్‌ని. కనిగిరి వైపు పల్లెల్లో ఇంటర్, ఐటీఐ అయిపోయి ఖాళీగా ఉన్న పిల్లలకి ట్రైనింగ్ ఫీజులు కట్టి ఉద్యోగాల్లో చేర్పించే చిన్న ట్రస్ట్‌కి ట్రెజరర్‌గా ఉన్నాను. ఏడాదికి 14 లక్షలు విరాళాలొస్తాయి, 10 లక్షలు ఖర్చవుతాయి. 22 లక్షలు ఒకే కోఆపరేటివ్ బ్యాంకులో ఎఫ్‌డీలున్నాయి, అందులో 9 లక్షలు కార్పస్, అంటే ఖర్చు పెట్టకుండా ఉంచే మూలధనం. మాకు వయసైపోతోంది, ఫుల్‌టైమ్ మేనేజర్ కావాలి. కమిటీలో ఒకాయన తన మేనల్లుడు 12 వేలకి వస్తాడంటారు, ఇంకొకాయన డబ్బు చీటీలో వేసి, రెండు రూపాయల వడ్డీకి తిప్పితే జీతం దానికదే వస్తుందంటారు. దాతలేమో జీతాలకి మా డబ్బు వాడొద్దంటారు. డల్లాస్‌లో ఉన్న నా పాత స్టూడెంట్స్ ఇద్దరు మేమిస్తామంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మాష్టారూ నమస్కారం. పెట్టుకోండి, సరైన మనిషిని సరైన జీతమిచ్చి పెట్టుకోండి, మీ దగ్గర అంత డబ్బుంది. కాకపోతే మనిషిని వెతికే ముందే 18 నెలల జీతం పక్కన పెట్టాలి, ఆ తర్వాతే ప్రకటన. ఆరు నెలలకి డబ్బు చాలక మేనేజర్‌ని పంపించేస్తే ఆ మనిషికీ అన్యాయం, అతన్ని నమ్ముకున్న పిల్లలకీ అన్యాయం.

మీరు పంపిన రిజిస్టర్ పేజీ ఫొటో చాలాసేపు చూశాను. పేరు ఉంది, కోర్సు ఉంది, చేరిన కంపెనీ ఉంది, చివర్లో "ఇప్పుడు ఎక్కడ" అనే కాలమ్ మాత్రం దాదాపు మొత్తం ఖాళీ, ఒక పేరు పక్కన పెన్సిల్‌తో "సంక్రాంతికి వచ్చాడు, మళ్ళీ వెళ్ళలేదు" అని రాసుంది. మీకు కావాల్సిన మేనేజర్ పని ఆ కాలమే. కుర్రాడు హైదరాబాద్ వెళ్ళి చేరాక మొదటి జీతం చేతికి రావడానికి నెల పైనే పడుతుంది, ఈలోపు హాస్టల్ అడ్వాన్సు, మెస్సు, బస్సు అన్నీ ఇంట్లోవాళ్ళు అప్పు చేసి పంపాలి, అది కుదరక చాలామంది వెనక్కొచ్చేస్తారు, అంటే మీరు కట్టిన ట్రైనింగ్ ఫీజు మొత్తం వృథా. ఆ సమయంలో ఫోన్ చేసి కనుక్కుని, ఓ నాలుగు వేలు సర్దుబాటు చేసి, కంపెనీ హెచ్‌ఆర్‌తో మాట్లాడే మనిషి ఒకరుండాలి. జీతాలకి వద్దు అనే దాతలకి ఈ పేజీనే చూపించండి, పిల్లలకిచ్చిన డబ్బు పిల్లలకి పనికిరావాలంటేనే ఈ జీతం అని చెప్పండి.

ఇక లెక్క. నా ఉద్దేశంలో మీ ప్రాంతానికి నెలకి 35 వేలు సబబు. దాని మీద 1,800, అంటే పీఎఫ్‌కి లెక్కేసే 15 వేల మీద 12 శాతం. పీఎఫ్ చట్టం 20 మంది లేదా ఆ పైన ఉన్న సంస్థలకే తప్పనిసరి, మీకు వర్తించదు, అయినా ఆ మొత్తం అదనంగా ఇచ్చి పీపీఎఫ్ పొదుపు ఖాతాలోనో ఎన్‌పీఎస్ పెన్షన్ ఖాతాలోనో వేసుకోమనండి. పెట్రోల్, ఫోన్‌కి 4 వేలు. హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియంకి 1,500. గ్రాట్యుటీ కూడా 10 మంది ఉంటేనే తప్పనిసరి, కానీ ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున నెలకి 1,700 పక్కన వేస్తూ పోండి. మొత్తం 44 వేలు, ఏడాదికి 5.28 లక్షలు. మీకు ఏటా మిగిలేది 4 లక్షలు, కాబట్టి తగ్గేది 1.28 లక్షలు, నెలకి 11 వేల లోపే. నెలకి 3 వేల చొప్పున రెండేళ్ళు ఇస్తామనే దాతలు నలుగురు దొరికితే ఆ లోటు పూడిపోతుంది. అందర్నీ అడక్కండి, మేనేజర్ జీతానికే అని చెప్పి నలుగుర్నే అడగండి. దాతకి పన్ను తగ్గించే 80జి రసీదుని నమ్ముకోవద్దు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి ఆ మినహాయింపు రాదు. ఎఫ్‌డీ వడ్డీ నేను లెక్కలో కలపలేదు, అది అలా అదనంగా ఉండనివ్వండి.

ఇక్కడ మీ ఉత్తరంలో లేని విషయం ఒకటి చెప్పాలి. ట్రస్ట్ ఆదాయానికి పూర్తి పన్ను మినహాయింపు రావాలంటే అందులో 85 శాతం ఆ ఏడాదే ట్రస్ట్ ఆశయాల మీద ఖర్చు పెట్టాలి, 14 లక్షల్లో 85 శాతమంటే 11.9 లక్షలు, మీరు పెడుతున్నది 10. మిగిలింది దాచుకోవాలంటే ఎందుకు దాచుతున్నారో చెప్తూ గడువులోపు ఫారం వెయ్యాలి, 5 ఏళ్ళలో దాన్ని ఆ పనికే వాడాలి. గత సంవత్సరాలకి అది వేశారో లేదో ఆడిటర్ గారిని వెంటనే అడగండి. పిల్లల పని చూసే మేనేజర్ జీతం ఆశయాల ఖర్చు కిందకే వస్తుంది కాబట్టి ఈ నియామకంతో ఆ ఇబ్బంది కూడా తీరుతుంది.

చీటీ, వడ్డీ వ్యాపారం మాట మాత్రం వద్దే వద్దు మాష్టారూ. ట్రస్ట్ డబ్బు ఎక్కడ పెట్టొచ్చో చట్టంలో జాబితా ఉంది, బ్యాంకు డిపాజిట్లు, పోస్టాఫీసు, ప్రభుత్వ బాండ్లు లాంటివి, చీటీలూ చేబదుళ్ళూ అందులో లేవు, అలా పెడితే ఆ మేరకి పన్ను మినహాయింపు పోతుంది. ఇంకో భయం కూడా ఉంది నాకు, 22 లక్షలూ ఒకే బ్యాంకులో ఉన్నాయి, డిపాజిట్ ఇన్సూరెన్స్ ఒక్కో బ్యాంకులో వడ్డీతో కలిపి 5 లక్షల వరకే. ఎఫ్‌డీలు గడువు తీరేకొద్దీ ఇంకో రెండు మూడు పెద్ద బ్యాంకులకి మార్చుకోండి. కార్పస్ 9 లక్షలు ముట్టుకోవద్దు. మిగిలిన 13లో 8 లక్షలు జీతం నిధి, దాన్ని ఆరేసి నెలలకి ఒకటి తీరేలా మూడు ఎఫ్‌డీలుగా వేసుకోండి.

డల్లాస్ పిల్లల సంగతి జాగ్రత్త. ఇద్దర్లో ఒకరికి ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే ఉందన్నారు, ఆ అబ్బాయి తన సంపాదన మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కాదు, పాస్‌పోర్టు కాపీ ఫైల్లో పెట్టుకుని తీసుకోండి. రెండో అమ్మాయికి అమెరికా సిటిజన్‌షిప్ వచ్చింది, భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే ఆవిడిచ్చేది విదేశీ విరాళమే, ఇక్కడి ఖాతాలోంచి రూపాయల్లో ఇచ్చినా అంతే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా ఒక్క రూపాయి తీసుకోకూడదు. ఆవిడ మనసు మంచిదే, డబ్బు బదులు వారానికో గంట ఆన్‌లైన్‌లో పిల్లలకి ఇంటర్వ్యూ ప్రాక్టీస్ చేయించమనండి.

మేనల్లుడి విషయం. అందరితో పాటు అప్లై చెయ్యమనండి, మేనమామ ఇంటర్వ్యూలో కూర్చోకూడదు, ఆ సంగతి కమిటీ మీటింగ్ మినిట్స్‌లో రాయండి. ట్రస్టీల బంధువులకి పనికి మించి డబ్బిస్తే ఆ మేరకి పన్ను మినహాయింపుకి ఎసరు, మేనల్లుడు కూడా ఆ బంధువుల లెక్కలోకే వస్తాడు. నాకు అంతకన్నా బాధనిపించేది ఆ 12 వేలు. ఊరి పిల్లలకి మంచి జీతాలొచ్చే ఉద్యోగాలు చూపించమని ఒక మనిషిని పెట్టి, ఆ మనిషికి 12 వేలిస్తే ఎలాగండీ, ఇంకో చోట 20 దొరగ్గానే వెళ్ళిపోతాడు, తప్పు అతనిది కాదు.

విరాళాల్లో పర్సంటేజీ ఇస్తామని మాత్రం ఎవరికీ చెప్పొద్దు, పిల్లల్ని వదిలేసి దాతల చుట్టూ తిరుగుతారు. కన్సల్టెంట్ అని రాయడం కూడా వద్దు, ఏడాదికి 50 వేలు దాటిన ఫీజు మీద 10 శాతం టీడీఎస్, అంటే ముందే పన్ను కోత, పట్టాలి, అదే జీతంగా ఇస్తే 4.2 లక్షలకి కొత్త విధానంలో పన్నే పడదు, వృత్తి పన్ను నెలకి 200 కోసి కడితే చాలు. చెక్కుల మీద సంతకాలు ఇద్దరు ట్రస్టీలవే ఉండాలి, మేనేజర్ చేతిలో చిల్లర ఖర్చులకి 5 వేలు. ఒకే మనిషికి ఒక రోజులో 10 వేలు దాటి నగదు ఇవ్వొద్దు, ఆ ఖర్చు 85 శాతం లెక్కలోకి రాదు.

ప్రకటనలో "జీతం అర్హతను బట్టి" అని కాకుండా 35 వేలు అని అంకె వెయ్యండి. చివరికి మిగిలిన ముగ్గురికి ఆ రోజుకి కూలి ఇచ్చి ఆ రిజిస్టర్ పేజీ, ఒక ఫోన్ చేతిలో పెట్టండి, సాయంత్రానికి ఎవరు ఎంతమంది పిల్లల్ని కనుక్కున్నారో, వాళ్ళ ఇంట్లోవాళ్ళతో ఎలా మాట్లాడారో పక్కన కూర్చుని వినండి. ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పినవాళ్ళు మీరు, ఎవర్ని తీసుకోవాలో మీకే తెలిసిపోతుంది. ఆర్డర్లో ఆరు నెలల ప్రొబేషన్, నెల నోటీసు రాయడం మర్చిపోవద్దు.