సీడీ డ్రైవు పోయిన పెంటియం 4లో పెన్‌డ్రైవుతో ఎక్స్‌పీ మళ్ళీ వేయడం

మీరడిగింది క్లుప్తంగా: చెన్నై పెరంబూరులో పెళ్ళిపత్రికలు వేసే షాపు. ఇంటెల్ 865 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు, పెంటియం 4, 512 ఎంబీ ర్యామ్, 40 జీబీ ఐడీఈ (పాత రకం కనెక్షన్) డిస్కు. సీడీ డ్రైవు పోయింది. పాత విండోస్ తడబడుతూనే లేస్తోంది. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, అను అనే తెలుగు ఫాంట్ల కోసం ఎక్స్‌పీయే కావాలి. ఒక పెన్‌డ్రైవు బూట్ మెనూలో కనబడలేదు. ఇంకోటి కనబడింది గానీ సెటప్ మధ్యలో నీలం తెర, స్టాప్ 7బీ (బూట్ డిస్కు అందలేదనే ఎర్రర్).

ఈ రెండూ వేర్వేరు జబ్బులండీ. మొదటిది బయోస్ (విండోస్ కంటే ముందు లేచే బోర్డు ప్రోగ్రాం) పెన్‌డ్రైవును గుర్తుపట్టకపోవడం. రెండోది, బయోస్ చేయి వదిలాక విండోస్ తన సొంత డ్రైవర్లతో అదే పెన్‌డ్రైవును వెతుక్కుని దొరకక చతికిలపడటం. రెండోదానికి పెన్‌డ్రైవులు ఎన్ని మార్చినా లాభం లేదు.

పాత విండోస్ లేస్తున్నంతసేపే ముఖ్యమైనవన్నీ బయటికి కాపీ తీసేయండి. పేజ్‌మేకర్ ఫైళ్ళు, ఫాంట్స్ ఫోల్డరు మొత్తం, అను ఇన్‌స్టాలర్, ప్రింటర్ డ్రైవరు, బోర్డు చిప్‌సెట్, లాన్, సౌండ్ డ్రైవర్లు. అను ఫాంట్లు యూనికోడ్ కావు. అదే ఫాంట్ లేకపోతే పదేళ్ళ పత్రికలన్నీ పిచ్చిగీతల్లా తెరుచుకుంటాయి, కాబట్టి ఇక్కడ మాత్రం తొందరపడకండి. ఆ రోజుల్లో కొన్ని లిపి సాఫ్ట్‌వేర్లకు ప్యారలల్ పోర్టు డాంగిల్ (తగిలిస్తేనే సాఫ్ట్‌వేర్ నడిచే తాళంచెవి లాంటిది) ఉండేది. కంప్యూటరు వెనక 25 పిన్నుల చిన్న డబ్బా తగిలించి ఉంటే అది చెత్త కాదు, భద్రం. కాపీకి పట్టే సమయం పోర్టును బట్టి ఉంటుంది. 865 బోర్డుకి యూఎస్‌బీ 2.0 ఉంది కాబట్టి 40 జీబీ గంటలోపు అయిపోవాలి. తొలి 845 బోర్డుల్లో యూఎస్‌బీ 1.1 మాత్రమే. సెకనుకి ఒక ఎంబీ లెక్కన అదే పని పదకొండు గంటలు.

తర్వాత పెట్టె తెరిచి చూడండి. ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్ల నెత్తి ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోవడానికి అదే కారణం కావచ్చు. అప్పుడు ముందు బోర్డు రిపేరు. చెన్నై ఉప్పుగాలికి ర్యామ్ కాళ్ళు నల్లబడతాయి. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పెట్టండి. సీఆర్2032 బ్యాటరీ కొత్తది వేయండి. అది చచ్చిపోతే మీరు మార్చిన బయోస్ సెట్టింగులు కరెంటు తీసిన ప్రతిసారీ మొదటికొస్తాయి, పెన్‌డ్రైవు నిన్న కనబడి ఇవాళ మాయమైందనిపిస్తుంది.

ఇక మొదటి జబ్బు. 2 నుంచి 8 జీబీ లోపు, యూఎస్‌బీ 2.0 పెన్‌డ్రైవు వాడండి. 64 జీబీవి ఆ కాలం బయోస్‌లకు చాలాసార్లు మింగుడుపడవు. ముందు పోర్టు కాదు, వెనక బోర్డు మీదున్న పోర్టులోనే, పవర్ ఆన్ చేయకముందే గుచ్చాలి. బయోస్‌లో లెగసీ యూఎస్‌బీ సపోర్ట్ ఎనేబుల్ చేయండి. అవార్డ్ అనే రకం బయోస్ అయితే బూట్ వరసలో యూఎస్‌బీ-ఎఫ్‌డీడీ, యూఎస్‌బీ-జిప్, యూఎస్‌బీ-హెచ్‌డీడీ అని మూడుంటాయి, హెచ్‌డీడీతో మొదలుపెట్టి, పలక్కపోతే జిప్ చూడండి. ఏఎమ్‌ఐ అనే ఇంకో రకం బయోస్‌లో అందరూ పొరబడేది ఒకటుంది. పెన్‌డ్రైవు బూట్ వరసలో విడిగా రాదు, ‘హార్డ్ డిస్క్ డ్రైవ్స్’ అనే లోపలి జాబితాలో కూర్చుంటుంది. అక్కడ దాన్ని మొదటికి తెచ్చాకే బయటి వరసలో కనబడుతుంది. అక్కడే ఎమ్యులేషన్ టైప్ ఆటో నుంచి హార్డ్ డిస్క్‌కి మార్చండి. ఆటోలో 530 ఎంబీ కంటే చిన్నవాటిని ఫ్లాపీగా లెక్కేస్తుంది.

ఇంత చేసినా కనబడకపోతే ప్లాప్ బూట్ మేనేజర్ ఉంది. దానిలోనే యూఎస్‌బీ డ్రైవరు ఉంటుంది కాబట్టి బయోస్ దయ అక్కర్లేదు. ఫ్లాపీలో పడుతుంది. ఫ్లాపీ కూడా లేకపోతే, మీ పాత విండోస్ ఇంకా లేస్తోంది గనక గ్రబ్4డాస్ అనే బూట్ లోడర్ ఫైలు, ప్లాప్ ఫైలు సీ డ్రైవులో పెట్టి, బూట్.ఇనిలో (విండోస్ బూట్ మెనూ జాబితా ఉండే ఫైలు) ఒక వరస చేర్చి అక్కణ్ణుంచి పిలవొచ్చు. ప్లాప్ మెనూలో యూఎస్‌బీ ఎంచుకుంటే చాలు.

రెండో జబ్బుకి మందు పెన్‌డ్రైవు తయారీలోనే ఉంది. ఐఎస్‌ఓని (సీడీ మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసినది) ఊరికే కాపీ చేస్తే ఎక్స్‌పీ సెటప్ రాదు, ఎందుకంటే అది సీడీ కోసం రాసినది. నా ఓటు విన్‌సెటప్‌ఫ్రమ్‌యూఎస్‌బీ అనే ప్రోగ్రాముకి. వేరే సిస్టమ్‌లో తెరిచి, పెన్‌డ్రైవు ఎంచుకుని, ఆటో ఫార్మాట్ టిక్ పెట్టి, ఫ్యాట్32 ఉంచి, ఐ386 ఫోల్డరు ఉన్న ఎక్స్‌పీ ఎస్‌పీ3 (సర్వీస్ ప్యాక్ 3) ఫైళ్ళను చూపించండి. ఎస్‌పీ1కి ముందు సీడీ వద్దు, అది 137 జీబీ దాటిన డిస్కును సరిగా చదవలేదు. ఇప్పుడు 40 జీబీయే అయినా రేపు డిస్కు మారిస్తే అదే తలనొప్పి.

బూట్ అయ్యాక మెనూలో మొదటి భాగం, టెక్స్ట్ మోడ్ ఎంచుకోండి. పార్టిషన్ల తెరలో మీ పెన్‌డ్రైవు కూడా ఒక డిస్కుగా కనబడుతుంది. సైజు చూసి 40 జీబీదాన్నే ముట్టుకోండి. ఫైళ్ళు కాపీ అయి రీస్టార్ట్ అయినప్పుడు పెన్‌డ్రైవు పీకేయకండి, చాలామంది అక్కడే దెబ్బతింటారు. మళ్ళీ దాన్నుంచే బూట్ చేసి ఈసారి రెండో భాగం, జీయూఐ మోడ్ ఎంచుకోవాలి. డెస్క్‌టాప్ వచ్చాకే తీయాలి. తీశాక హాల్.డీఎల్‌ఎల్ అనే విండోస్ ఫైలు లేదని ఎర్రర్ వస్తే ఫైలు పోలేదు, పెన్‌డ్రైవును మొదటి డిస్కుగా లెక్కేసి బూట్.ఇనిలో ఆర్‌డిస్క్(1) రాసుకుంది. పెన్‌డ్రైవు పెట్టి విండోస్‌లోకెళ్ళి ఆ బూట్.ఇనిలో రెండు చోట్లా ఆర్‌డిస్క్(0) చేయండి.

2007 తర్వాతి సాటా (ఐడీఈ తర్వాత వచ్చిన డిస్కు కనెక్షన్) సిస్టమ్‌లో 7బీ వస్తే కారణం వేరు. ఎక్స్‌పీలో ఏహెచ్‌సీఐ (సాటా డిస్కులు నడిచే పద్ధతి) డ్రైవరు లేదు, బయోస్‌లో సాటా మోడ్‌ను ఐడీఈ లేదా కంపాటిబుల్‌కి మార్చాలి. మీది ఐడీఈ డిస్కు కాబట్టి ఈ గొడవ లేదు.

ఇవేవీ కుదరకపోతే పంతం వద్దు. రిచీ స్ట్రీట్‌లో సెకండ్‌హ్యాండ్ ఐడీఈ డీవీడీ డ్రైవు అడగండి, సాటాది అంటగట్టనివ్వకండి. ఐడీఈకి 40 పిన్నుల వెడల్పాటి రిబ్బన్ కేబుల్ ఉంటుంది. హార్డ్‌డిస్కు కేబుల్‌కే తగిలిస్తే జంపర్లు (వెనక పిన్నులకు తొడిగే చిన్న ముక్కలు) డిస్కు మాస్టర్, డ్రైవు స్లేవ్. 80 తీగల కేబుల్‌లో నీలం కొస బోర్డుకి, నలుపు కొస మాస్టర్‌కి, మధ్యలోది స్లేవ్‌కి.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది. ఆ సిస్టమ్‌కి నెట్ కేబుల్ పెట్టకండి. మెయిల్‌లో వచ్చే ఫైళ్ళు వేరే కంప్యూటర్‌లో స్కాన్ చేసి పెన్‌డ్రైవులో తెచ్చుకోండి. డ్రైవర్లు, పేజ్‌మేకర్, అను అన్నీ వేసి ఒక పాత పత్రిక తెరిచి ప్రింటు తీయండి. ఒత్తులు, వట్రసుడి సరిగా పడితే, అదే రోజు డిస్కుకి నకలు తీసే క్లోన్‌జిల్లా 32-బిట్ వెర్షన్‌తో బూట్ చేసి డిస్కు మొత్తానికి ఇమేజ్ తీసి ఇంకో హార్డ్‌డిస్కులో దాచండి. వాడిన భాగమే కాపీ చేస్తుంది గనక 40 జీబీ పట్టదు, ఈ ఐడీఈ డిస్కు పోయిన రోజు ఇదంతా మళ్ళీ చేయక్కర్లేదు.