వాలెట్ 14 వేలు, సేవింగ్స్‌లో 18 వేలు

కూకట్‌పల్లి నుంచి ఒకాయన రాశారు. వయసు 31, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికొచ్చేది 78 వేలు, ఈఎంఐతో కలిపి నెల ఖర్చు 58 వేలు. మూడేళ్ళకి 15 శాతం వడ్డీతో 4 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుని మొత్తం బిట్‌కాయిన్, ఈథర్‌లో పెట్టారు, కాయిన్స్ ఎక్స్‌ఛేంజ్‌లోనే (కాయిన్స్ కొని అమ్మే యాప్ కంపెనీ దగ్గరే) ఉన్నాయి. ఓటీపీ మోసాల గురించి విని భయమేసి 14 వేలు పెట్టి హార్డ్‌వేర్ వాలెట్ (కాయిన్స్ తాళంచెవి దాచుకునే చిన్న డివైజ్) కొని, దాన్ని లాగిన్‌కి సెక్యూరిటీ కీ లాగా పెట్టుకున్నారట, ఇప్పుడు పాస్‌వర్డ్ కొట్టాక డివైజ్ మీద బటన్ నొక్కితేగానీ అకౌంట్ తెరుచుకోదు. "ఇక సేఫే కదా సార్, బ్యాంకు వాళ్ళు ఇంకో 2 లక్షలు టాప్-అప్ ఇస్తామని రోజూ ఫోన్ చేస్తున్నారు, అదీ ఇందులోనే వేసేయనా?" అని అడిగారు. ఉత్తరం చివర్లో, ఏదో మర్చిపోయి కలిపినట్టు, మా ఆవిడకి ఐదో నెల, సేవింగ్స్‌లో 18 వేలు ఉన్నాయి అని ఒక లైను.

నాకైతే ఆ ఆఖరి లైనే అసలు ప్రశ్నలా కనిపించింది.

టాప్-అప్ వద్దు. దీని మీద చర్చ కూడా అనవసరం. అప్పు తెచ్చి కాయిన్స్ కొనడం ఒకసారి చేశారు, సరే అయిపోయింది, రెండోసారి చేస్తే దాన్ని ఇన్వెస్ట్‌మెంట్ అనకండి. లెక్క చూడండి: మీ ఈఎంఐ సుమారు 13,870, మూడేళ్ళలో కట్టే వడ్డీయే దగ్గర దగ్గర 99 వేలు. కాయిన్స్ మీద లాభం వస్తే సెస్‌తో కలిపి 31.2 శాతం ట్యాక్స్, పైగా ఈ వడ్డీని ఖర్చు కింద చూపిస్తానంటే కుదరదు, కొన్న ధర ఒక్కటే తీసేయనిస్తారు. అంటే ఆ 99 వేలు వెనక్కి రావాలంటేనే లాభం 1.44 లక్షలు రావాలి, 4 లక్షల మీద 36 శాతం. అంత పెరిగితే మీరు సున్నా దగ్గర ఉన్నట్టు! నష్టమొస్తే దేంట్లోనూ సర్దుకోవడానికి లేదు, వచ్చే ఏడాదికి మోసుకెళ్ళడానికీ లేదు.

ఇక డివైజ్ సంగతి. మీరు కొన్నది మంచి వస్తువే, లాగిన్ వరకు ఎస్‌ఎంఎస్ ఓటీపీ కంటే చాలా నయం. సిమ్ స్వాప్ చేసినవాడికి, అంటే మోసం చేసి మీ నంబర్‌తో ఇంకో సిమ్ తీసుకున్నవాడికి, ఓటీపీ వెళ్ళిపోతుంది, అచ్చం ఎక్స్‌ఛేంజ్ లాగే ఉండే దొంగ సైట్‌లో మీరే ఓటీపీ కొట్టేస్తారు, ఈ కీ మాత్రం రిజిస్టర్ చేసిన అసలు అడ్రస్‌కి తప్ప ఇంకో సైట్‌కి పనిచేయదు. కాకపోతే సెట్టింగ్స్‌లో రికవరీకి ఎస్‌ఎంఎస్ అలాగే వదిలేసి ఉంటారు, చాలామంది వదిలేస్తారు, అది తీసేయండి, లేకపోతే ముందు తలుపుకి ఇత్తడి తాళం, పెరటి తలుపు బార్లా అన్నట్టే. రెండో కీ ఒకటి కూడా రిజిస్టర్ చేసుకోండి.

కానీ మీరు పొరపాటు పడింది ఇక్కడే, ఈ మధ్య నాకొచ్చే ప్రశ్నల్లో ఇదే మళ్ళీ మళ్ళీ కనిపిస్తోంది కాబట్టే జవాబు రాస్తున్నా. హార్డ్‌వేర్ వాలెట్‌తో లాగిన్ అయితే కాయిన్స్ హార్డ్‌వేర్ వాలెట్‌లో ఉన్నట్టు కాదు. లాగిన్ మీది, కాయిన్స్ తాళంచెవి ఎక్స్‌ఛేంజ్‌ది. 2024 జులైలో వజీర్‌ఎక్స్ అనే మన దేశపు ఎక్స్‌ఛేంజ్ నుంచి 23 కోట్ల డాలర్లు, మన లెక్కలో దాదాపు 2 వేల కోట్లు పోయినప్పుడు ఏ కస్టమర్ పాస్‌వర్డూ దొంగలకి అవసరం పడలేదు, కంపెనీ వాలెట్‌నే ఖాళీ చేశారు, ఆ వాలెట్‌లోంచి కాయిన్స్ కదలడానికి సంతకాలు చేసేవాళ్ళ దగ్గరా హార్డ్‌వేర్ వాలెట్లు ఉన్నాయని కంపెనీయే చెప్పింది. తర్వాత కస్టమర్లకి కాయిన్స్ విత్‌డ్రా ఏడాదికి పైగా ఆగిపోయింది. బ్యాంకులో అయితే 5 లక్షల వరకు డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంది, ఇక్కడ అలాంటిది లేదు.

పోనీ కాయిన్స్ డివైజ్‌కే మార్చుకుంటారా, మార్చుకోవచ్చు, అప్పుడు డివైజ్ ఇచ్చే 24 పదాల భారం మీది, డివైజ్ పోయినా కాయిన్స్ తెరిచే తాళంచెవి ఆ పదాలే. ఫోటో తీసి ఫోన్‌లో పెట్టకండి (మొన్నొకాయన పదాలన్నీ వాట్సాప్‌లో తనకి తానే పంపుకుని "సేవ్ చేశా సార్" అన్నాడు, ఏమనాలో తెలీలేదు). 2020లో ఈ వాలెట్లు తయారుచేసే లెడ్జర్ కంపెనీ కస్టమర్ల పేర్లు, అడ్రస్‌లు లక్షల్లో బయటికొచ్చేశాయి, ఆ తర్వాత కొందరి ఇళ్ళకి దొంగ ఉత్తరాలు, దొంగ డివైజ్‌లు కూడా పోస్టులో వచ్చాయి. 24 పదాలు ఎవరడిగినా దొంగే.

ఇవన్నీ పక్కాగా చేశారనుకోండి, ఫిబ్రవరిలోనో మార్చిలోనో హాస్పిటల్ బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడ్డప్పుడు ఆ డివైజ్ ఏం చేస్తుంది? 18 వేలంటే మీ ఇంటి ఖర్చు లెక్కన తొమ్మిది రోజులు. తొమ్మిది రోజులండీ! బిట్‌కాయిన్ 2021 నవంబర్‌లో 69 వేల డాలర్ల దగ్గర ఉండి, సరిగ్గా ఏడాదికి 16 వేలకి వచ్చింది, అలాంటి ఏడాదిలో పాప పుట్టి రెండు రోజులు ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ) పెట్టాలంటే రూపాయి వస్తువు పావలాకి అమ్ముకోవాలి, లేదంటే క్రెడిట్ కార్డ్ గీకాలి, ఆ తర్వాత ఏ లోన్ యాప్ వలలోనో పడాలి. నేను చూసిన అప్పుల ఊబుల్లో ఎక్కువ శాతం ఇలాంటి ఒక్క బిల్లుతో మొదలైనవే, మార్కెట్ పడిపోవడం వల్ల కాదు.

అందుకని ఈ నెలలోనే కాయిన్స్‌లో 2 లక్షల విలువ అమ్మేయండి. లాభం ఉంటే ట్యాక్స్ డబ్బు విడిగా పెట్టండి, 1 శాతం టీడీఎస్ కట్ అయితే రిటర్న్‌లో చూపించుకోండి. నష్టంలో ఉన్నా అమ్మండి, "కొంచెం పెరిగాక" అంటే డెలివరీ డేట్ ఆగదు. ఆ డబ్బు స్వీప్-ఇన్ ఎఫ్‌డీలోనో (సేవింగ్స్ అకౌంట్‌కి కలిపి ఉండే ఎఫ్‌డీ) లిక్విడ్ ఫండ్‌లోనో (త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) పెట్టండి, మీ ఆవిడ కూడా తీయగలిగేలా. నెలకి మిగిలే 20 వేలూ అందులోకే, నాలుగు నెలల్లో 80 వేలు, ఉన్న 18 వేలు కలిపితే డెలివరీ నాటికి 3 లక్షలు దాకా వస్తాయి. ఆరు నెలల ఖర్చు అంటే 3.5 లక్షలు, అది నిండేదాకా కొత్త కాయిన్ ఒక్కటి కూడా కొనొద్దు, సిప్ కూడా మొదలుపెట్టొద్దు. నిండాక లోన్ ముందే కట్టేయడానికి చార్జీ ఎంతో బ్యాంకుని అడిగి మిగతా కాయిన్స్‌తో అటు తిరగండి.

కంపెనీ గ్రూప్ పాలసీలో మెటర్నిటీ లిమిట్ ఎంతో, బేబీకి మొదటి రోజు నుంచి కవర్ ఉందో లేదో ఈ వారమే హెచ్‌ఆర్‌ని అడగండి. బయట సొంత పాలసీ తీసుకోవాలి, కానీ వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది కాబట్టి ఈ డెలివరీకి అందదు. టర్మ్ ఇన్సూరెన్స్ గురించి ఉత్తరంలో ఒక్క మాట లేదు, అంటే లేదనే అనుకుంటున్నా, బేబీ వచ్చేలోపు తీసుకోండి. హెచ్‌ఆర్ చెప్పిన లిమిట్, లోన్ స్టేట్‌మెంట్ రెండూ దగ్గర పెట్టుకుని మళ్ళీ రాయండి, కవర్ ఎంత తీసుకోవాలో అప్పుడు లెక్క వేద్దాం.