ఫిజియోథెరపీలో మెయిట్లాండ్ పేరు ఎందుకంతగా వినిపిస్తుంది?

జెఫ్రీ మెయిట్లాండ్ (1924–2010) ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కి చెందిన ఫిజియోథెరపిస్టు. పేషెంట్లను చూస్తూనే 1950లలో విద్యార్థులకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. వెన్నెముక చికిత్స మీద ఆయన పుస్తకం 1964లో వచ్చింది.

కీలును చేత్తో కదిలించడాన్ని ఆయన గ్రేడ్లుగా విడగొట్టారు. ఒకటో గ్రేడ్ అంటే కదలిక మొదట్లోనే చిన్న ఊపు, నాలుగోది కదలిక చివర్లో చిన్న ఊపు. రెండూ మూడూ పెద్ద ఊపులు. పరీక్షల టెన్షన్‌లో విద్యార్థులు బట్టీ పట్టేది ఇదే. నా దృష్టిలో అసలు గొప్పదనం వేరే ఉంది. ఏ కదలికలో నొప్పి వస్తుందో ముందే గుర్తుపెట్టుకుని, చికిత్స చేసిన వెంటనే మళ్లీ అదే కదలిక చేయించి చూడమన్నారు. తగ్గకపోతే పద్ధతి మార్చాల్సిందే, సిద్ధాంతం ఎంత బాగున్నా సరే.

1974లో మాన్యువల్ థెరపీ (ఇలా చేతులతో చేసే చికిత్స) అంతర్జాతీయ సమాఖ్యను ఏర్పాటు చేసినవాళ్లలో ఆయనా ఒకరు.