రాలిన ఆకులు తగలబెట్టకుండా ఎరువు చేయడం నేర్పమంటే మున్సిపాలిటీ "ఫండ్స్ లేవు" అంటోంది. ఏం చేయాలి?

ముందు ఏ పద్దు కింద అడిగారో చూసుకోండి. ఇంటి దగ్గరే కంపోస్టు చేసుకోవడం జనానికి నేర్పడం స్థానిక సంస్థ పనేనని 2026 ఏప్రిల్ దాకా అమల్లో ఉన్న 2016 ఘన వ్యర్థాల నియమాల్లో, 15వ నియమంలోనే రాశారు. డబ్బుకు స్వచ్ఛ భారత్ పట్టణ మిషన్‌లో ఐఈసీ అనే ప్రచార పద్దు ఉంది. 2014 మార్గదర్శకాల్లో కేంద్ర కేటాయింపులో 15 శాతం దీనికే పక్కన పెట్టారు. చాలా ఊళ్లలో అది ఫ్లెక్సీలకీ ర్యాలీలకీ పోతుంది. ఫ్లెక్సీ చూసి ఎరువు చేసినవాళ్లు ఉండరు. కళ్లముందు కుప్ప కుళ్లి నల్లమట్టి కావడం చూస్తేనే చేస్తారు.

కాబట్టి "అవగాహన కల్పించండి" అని కాకుండా లెక్కతో అర్జీ పెట్టండి: ఏ వార్డు, ఎన్ని ఇళ్లు, పార్కులో ఎన్ని ప్రదర్శన రింగులు (ఎరువు తయారీ చూపించే గుండ్రటి వల గూళ్లు), ఏ నెలలో. శిక్షణ, కరపత్రాలు ఐఈసీ కింద; మెష్ (ఇనుప వల) లాంటి సామగ్రి సాధారణ నిధి కింద, విడి కాగితం మీద హార్డ్‌వేర్ షాపు కొటేషన్ జతచేసి. రెండూ కలిపి రాస్తే ఏ పద్దులో వేయాలో తేలక ఫైలు అకౌంట్స్ సెక్షన్లో ఉండిపోతుంది. కమిషనర్‌కు ఇచ్చి రసీదు తీసుకోండి, నకలు శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కూ కౌన్సిలర్‌కూ ఇవ్వండి. వచ్చే ఏడాది బడ్జెట్‌లో చేరాలంటే నవంబరు, డిసెంబరుల్లోనే ఇవ్వాలి. ఆకులు రాలేది మాఘ ఫాల్గుణాల్లో. అప్పుడు అడిగితే ఆ సీజను పోయినట్టే. ఇంటింటికీ చెప్పడానికి మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆర్పీలను, అంటే రిసోర్స్ పర్సన్లను అడగండి, పొదుపు సంఘాల ఆడవాళ్లు వాళ్ల మాట వింటారు.

ప్రదర్శన రింగుకు 10 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు వెల్డ్ మెష్ చాలు. గుండ్రంగా చుట్టి కడితే 3 అడుగుల పైచిలుకు వ్యాసం వస్తుంది. చెట్టు నీడన మట్టి నేల మీద పెట్టండి, సిమెంటు మీద వద్దు. జానెడు ఎత్తు ఎండుటాకులు, దాని మీద బకెట్ నీళ్లలో కలిపిన పచ్చిపేడ, గుప్పెడు పాత ఎరువు, మళ్లీ ఆకులు. ఎక్కువమంది పేడ వేయకుండా ఉత్త ఆకులు నింపుతారు, అవి ఏడాదైనా పూర్తిగా కుళ్లకపోవచ్చు. మామిడి, పనస ఆకులు మందం, తొక్కి నలగ్గొట్టి వేయాలి. కొబ్బరి మట్టలు ఇందులో వద్దు, ముక్కలు చేసే ష్రెడ్డర్ యంత్రం ఉంటే తప్ప.

వారానికోసారి కుప్ప లోపలినుంచి గుప్పెడు తీసి పిండండి. ఒకటి రెండు చుక్కలు రావాలి. ఏమీ రాకపోతే నీళ్లు చల్లండి, మన ఎండలకు అంచులు ముందే ఎండిపోతాయి. నీళ్లు కారి వాసన కొడితే గాలి ఆడట్లేదని అర్థం, తిరగేసి ఎండుటాకులు కలపండి. పదిహేను రోజులకోసారి తిరగేస్తే మూడు నాలుగు నెలల్లో జల్లెడ పట్టుకోవచ్చు. వానాకాలం వచ్చేలోపు పైన పట్టా కప్పి, అంచులు రాళ్లతో కాకుండా తాడుతో కట్టండి. గాలికి పట్టా లేస్తే రెండు వానల్లో కుప్ప ముద్దయిపోతుంది.