ప్రశ్నలు – జవాబులు: మే సెలవుల్లో తోట, పాత గౌను, పూటకో తీరుగా మారే ఆకాశం

బ్రిటన్‌లో స్థిరపడిన మన పాఠకులు ఈసారి పంపిన ప్రశ్నలలో ఎక్కువ భాగం, మే నెలలో సోమవారం కలిసి రావడంతో మూడు రోజులుగా సాగే వారాంతపు సెలవుల గురించే ఉన్నాయి. కొందరు మొక్కల గురించి, మరికొందరు పాతకాలపు దుస్తుల గురించి అడిగారు. ఈ రెండింటినీ తడిపి పాడుచేసే వాన గురించి మాత్రం దాదాపు అందరూ అడిగారు.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో మే నెలలోనే రెండు సోమవారాలు సెలవుగా ఎందుకు ఉన్నాయి? ఇవి పండుగ సెలవులా? – ఒక పాఠకుడు, స్లౌ

జవాబు: ఒకదానికి మతపరమైన మూలం ఉంది, రెండవదానికి లేదు. బ్యాంకరూ పార్లమెంటు సభ్యుడూ అయిన సర్ జాన్ లబక్ చొరవతో 1871లో వచ్చిన బ్యాంకు సెలవుల చట్టం ఇంగ్లండ్‌లో నాలుగు రోజులను సెలవులుగా గుర్తించింది. వాటిలో ‘విట్ మండే’, అంటే క్రైస్తవుల పెంతెకొస్తు పండుగ మర్నాటి సోమవారం, ఒకటి. ఇది ఈస్టర్ ఆదివారం తర్వాత యాభయ్యవ రోజున వస్తుంది కనుక, ఈస్టర్‌తో పాటే ముందుకూ వెనక్కూ జరుగుతూ మే 11 మొదలుకొని జూన్ 14 వరకు ఎప్పుడైనా పడే వీలుండేది. 1971 నాటి చట్టం ఈ అనిశ్చితిని తొలగించి, దీని స్థానంలో మే చివరి సోమవారాన్ని ఖాయం చేసింది. మొదటి సోమవారం సెలవు 1978లో వచ్చి చేరింది. ఐరోపాలో రెండవ ప్రపంచ యుద్ధం ముగిసి 75 ఏళ్ళు నిండిన సందర్భంగా 2020లో దీనిని మే 8, శుక్రవారానికి మార్చడం చాలామందికి గుర్తుండే ఉంటుంది.

తోటపని చేసేవారికి ఈ చరిత్ర కంటే ఆ రెండు సోమవారాల మధ్య ఉండే మూడు నాలుగు వారాల ఎడమే ముఖ్యమైనది. ఎందుకో తరువాతి జవాబులో తెలుస్తుంది.

ప్రశ్న: మార్చిలో కిటికీ దగ్గర టమాటా, మిరప, గోంగూర విత్తనాలు వేశాను. మొక్కలు జానెడు ఎత్తు పెరిగాయి. మే మొదటి సెలవుల్లో పెరట్లో నాటేయవచ్చునా? మళ్ళీ నాకు అంత తీరిక దొరకదు. – ఒక పాఠకురాలు, మాంచెస్టర్

జవాబు: తీరిక లేదన్న మాట నిజమే కానీ, ఆ కారణంతో నాటవద్దండీ. ఇంగ్లండ్ ఉత్తర భాగంలో మే నెల మూడవ వారం దాటిన తర్వాత కూడా తెల్లవారుజామున నేల గడ్డకట్టే రాత్రులు వస్తాయి. పగలు ఎండ బాగా కాసి, సాయంత్రానికి మబ్బు పూర్తిగా విడిపోయి, గాలి పడిపోయిన రాత్రినే అనుమానించాలి. మబ్బు లేనప్పుడు నేల తనలోని వేడిని అడ్డులేకుండా ఆకాశంలోకి వదిలేస్తుంది. చల్లబడి బరువెక్కిన గాలి పల్లంలో చేరి, గోడల మూలల్లో నిలిచిపోతుంది. ఇక్కడ ఇంకొక చిక్కు ఉంది. వాతావరణ కేంద్రాలలో ఉష్ణోగ్రతను నేలకు సుమారు 1.25 మీటర్ల ఎత్తున, నీడలో కొలుస్తారు. మీ టమాటా మొక్క ఉండేది ఆ ఎత్తులో కాదు, నేల మీద. కనుక ఫోన్‌లో 3 డిగ్రీలని కనిపించిన రాత్రి మీ పెరటి గడ్డి మీద సున్నా కంటే తక్కువ ఉండవచ్చు. ఒక్క రాత్రి అలా గడిస్తే చాలు, పొద్దున్నే ఆకులు ఉడకబెట్టినట్లు నల్లబడి వాలిపోతాయి.

మంచు పడకపోయినా ముప్పు తప్పదు. గాజు వెనుక పెరిగిన ఆకు పలచగా, మెత్తగా ఉంటుంది. మే మొదటి వారంలో సూర్యుడు ఆగస్టు మొదటి వారంలో ఉన్నంత ఎత్తులోనే ఉంటాడు. గాలి మాత్రం ఇంకా చల్లగానే వీస్తుంటుంది. అలవాటు లేని ఆకు ఆ ఎండకు తెల్లబారి, ఆ గాలికి అంచుల వెంట ఎండిపోతుంది. అందువల్ల మొదటి సెలవుల్లో నారును నాటడానికి బదులు, బయటి గాలికి అలవాటు చేయడం మొదలుపెట్టండి. తొలి రోజులలో గాలి తగలని నీడలో రెండు మూడు గంటలు ఉంచి లోపలికి తెచ్చేయండి. క్రమంగా సమయాన్నీ, ఎండనూ పెంచుతూ, రెండు మూడు వారాలకు రాత్రి కూడా బయట ఉండగలిగే స్థితికి తీసుకురండి. తోటసామాను దుకాణాల్లో ‘ఫ్లీస్’ పేరుతో దొరికే పలచని తెల్లగుడ్డను చల్లని రాత్రులలో పైన కప్పితే కొంత రక్షణ ఉంటుంది. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే తగ్గడం లేదని నమ్మకం కుదిరాక, అంటే సుమారుగా రెండవ సెలవుల నాటికి, టమాటాను నాటండి. మిరపకు అది కూడా చాలదు. కుండీలోనే ఉంచి, ఎండ తగిలే కిటికీలోనో గ్రీన్‌హౌస్‌లోనో పెంచడం మేలు. గోంగూర ఉష్ణమండలపు మొక్క కనుక దాన్ని కూడా అక్కడే ఉంచి, ఆకు కోసుకుంటూ ఉండడమే తెలివైన పని.

మరి ఆ మూడు రోజులూ చేతులు ముడుచుకుని కూర్చోవాలా అంటే, అక్కరలేదు. ముల్లంగి, బీట్‌రూట్, బఠాణీ నేరుగా నేలలో విత్తవచ్చు. కొత్తిమీర, పాలకూర కూడా విత్తవచ్చు కానీ, అక్కడ పగలు బాగా పొడవుగా ఉండే రోజులలో ఇవి తొందరగా పూతకు వెళ్ళి ఆకు తగ్గిపోతుంది కాబట్టి, కొంచెం నీడ పడే చోట, ఒకేసారి కాకుండా రెండు మూడు వారాలకొకసారి కొద్దికొద్దిగా చల్లుకోండి. బంగాళాదుంప మొలకలు పైకి వచ్చి ఉంటే వాటి చుట్టూ మట్టిని ఎగదోయండి.

పనిలోకి దిగే ముందు ఒక పరీక్ష చేయండి. మడిలో ఒక అడుగు వేసి కాలు ఎత్తి చూడండి. బూటు అడుగున మట్టి ముద్దగా అంటుకుని లేస్తే, ఆ రోజు తవ్వవద్దు, ఆ మడిలో తిరగవద్దు. తడి మట్టిని తొక్కితే అందులోని గాలి సందులు మూసుకుపోయి, ఎండిన తర్వాత పెళ్ళలు కడుతుంది. కలుపు తీయడానికి గాలి వీచే పొడి ఉదయాన్ని ఎంచుకోండి. జల్లు పడే రోజున తీసి అక్కడే పడేసిన కలుపు మళ్ళీ వేరూనుకుంటుంది.

ప్రశ్న: ఇంటి ముందు కంచె మొక్కలు బాగా పెరిగిపోయాయి. సెలవుల్లో కత్తిరించవచ్చా? – ఒక పాఠకుడు, లెస్టర్

జవాబు: ముందు ఆకుల మధ్య చూడండి. మార్చి నుంచి ఆగస్టు వరకు పక్షులు గూళ్ళు కట్టుకునే కాలం. బ్రిటన్‌లో 1981 నాటి వన్యప్రాణుల చట్టం ప్రకారం, కడుతున్న గూటిని గానీ వాడుకలో ఉన్న గూటిని గానీ తెలిసి పాడుచేయడం నేరం. పక్షులు ముక్కున పురుగులు పట్టుకుని ఒకే చోటికి పదేపదే వెళ్తుంటే గూడు ఉన్నట్టే. దారికి అడ్డం వచ్చే నాలుగు రెమ్మలను చేతి కత్తెరతో తీసి, మిగిలిన పనిని సెప్టెంబరుకు వాయిదా వేసుకోవడం మంచిది. పొరుగువారి మాట కొన్నాళ్ళు పడాల్సి వస్తే పడండి.

ప్రశ్న: పాత దుస్తుల సంతలో ఒక గౌను కొన్నాను. లోపల ‘సీసీ 41’ అని గుర్తు ఉంది. 1940ల నాటిదని అమ్మినవారు చెప్పారు. మే చివరి సెలవుల్లో మా ఊరి పాత ఆవిరిరైలు స్టేషనులో జరిగే 1940ల వేడుకకు దీనిని వేసుకుని వెళ్ళాలని ఉంది. నిజంగా అప్పటిదేనా? ఉతకవచ్చా? వాన పడితే ఎలా? – ఒక పాఠకురాలు, రెడింగ్

జవాబు: ఆ గుర్తులో రెండు ‘సి’ అక్షరాలు, ఒక్కో ముక్క కోసేసిన గుండ్రని జున్ను బిళ్ళల్లా పక్కపక్కన ఉండి, వెంట 41 అంకె ఉంటే, అది గుడ్డను పొదుపు చేస్తూ సాదా బట్టలు కుట్టించడానికి యుద్ధకాలంలో బ్రిటిష్ ప్రభుత్వం అమలు చేసిన ‘యుటిలిటీ’ పథకానికి చెందిన ముద్ర. 1941 జూన్ 1న బట్టలకు రేషన్ విధించారు. మొదటి ఏడాది పెద్దవారికి తలకు 66 కూపన్లు ఇచ్చారు, ఒక్క ఉన్ని గౌనుకే 11 కూపన్లు పోయేవి. గుడ్డ వృథా కాకుండా మడతలు, జేబులు, గుండీలు ఇన్నే ఉండాలని 1942లో నిబంధనలు వచ్చాయి. మగవారి ప్యాంటు కింద అంచును పైకి మడవడం కూడా నిషేధించారు. బట్టల రేషన్ 1949 మార్చి 15 వరకు, యుటిలిటీ ముద్ర 1952 వరకు కొనసాగాయి.

కనుక ముద్ర ఉన్నంత మాత్రాన అది యుద్ధకాలపు గౌనే అని చెప్పలేము. కుట్టును చూడండి. మోకాలి కిందికి కొంచెమే దిగి, లంగా భాగం పొదుపుగా, భుజాలు చదరంగా ఉంటే యుద్ధకాలపు పోకడ. బాగా ఘేరుతో, పిక్కల కిందికి దిగుతూ ఉంటే, 1947 ఫిబ్రవరి 12న పారిస్‌లో ఫ్యాషన్ రూపకర్త క్రిస్టియన్ డియోర్ చూపించిన తీరు ప్రభావం పడిన తర్వాత కుట్టినదై ఉంటుంది. జిప్పు సాధారణంగా ఎడమ పక్కన, లోహంతో చేసినదై ఉండాలి. జిప్పు లేకపోతే నొక్కు గుండీలు ఉంటాయి. ప్లాస్టిక్ జిప్పు ఉంటే ఎవరో తరువాత మార్చారన్నమాట. అలా మార్చడాన్ని నేను లోపంగా భావించను. వేసుకున్న బట్టకు మరమ్మతు జరిగి ఉండడం సహజమే, పైగా పాతబట్టను బాగుచేసుకుని వాడమని 1943లో ప్రభుత్వమే ప్రజలకు పుస్తకం వేసి మరీ చెప్పింది.

ఉతికే విషయంలో మాత్రం తొందరపడకండి. ఆ కాలపు గౌన్లు చాలావాటికి వాడినది రేయాన్ (కృత్రిమ పట్టు) దారంతో నేసిన, సన్నని ముడతలుండే ‘క్రేప్’ బట్ట. రేయాన్ తడిస్తే దాని బలం బాగా తగ్గిపోతుంది. క్రేప్‌లో గట్టిగా మెలిపెట్టిన దారాలు నీరు తగలగానే ముడుచుకుని, గౌను చూస్తుండగానే పొట్టిదైపోతుంది. లోపలి కుట్టు దగ్గర, ఎవరికీ కనిపించని చోట, తడిపిన తెల్లని నూలుగుడ్డను కాసేపు అద్ది పట్టుకోండి. గుడ్డకు రంగు అంటినా, తడిసిన చోట బట్ట చిట్లినట్లు ముడతలు పడినా, ఇంట్లో ఉతికే ఆలోచన మానుకుని, పాత బట్టలను శుభ్రం చేయడంలో అనుభవం ఉన్నవారికి ఇవ్వండి. వాసన మాత్రమే సమస్య అయితే, ఎండ నేరుగా తగలని, గాలి ఆడే గదిలో ఒక రోజు ఆరవేస్తే చాలావరకు పోతుంది. చంకల దగ్గర చెమటతో బట్ట ఇప్పటికే నీరసించి ఉంటుంది కనుక, లోపల పలచని నూలు చొక్కా వేసుకోండి. కొత్త చెమటా, డియోడరెంటూ గౌనుకు తగలవు.

వానకు గొడుగు ఒక్కటే చాలదు, పొడవైన రెయిన్‌కోటు కూడా తీసుకెళ్ళండి. అప్పటికీ తడిస్తే పిండవద్దు, హ్యాంగర్‌కు తగిలించవద్దు. నీటి బరువుకు గౌను సాగిపోతుంది. పొడి తువ్వాలు పరిచి, దాని మీద గౌనును ఆకారం చెడకుండా పరిచి, మెల్లగా చుట్టి, నీరు తువ్వాలుకు పీల్చుకున్న తరువాత మరొక పొడి తువ్వాలు మీద నీడలో ఆరబెట్టండి. హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టాలన్న కోరికను అదుపులో పెట్టుకోండి.

ప్రశ్న: గంటలో ఎండ, వడగళ్ళు, మళ్ళీ ఎండ! మే నెలలో ఇదేం వాతావరణం? సూచనలను నమ్మి ఏర్పాట్లు చేసుకోవచ్చా? – ఒక పాఠకుడు, లీడ్స్

జవాబు: ఉత్తరాన ధ్రువం నుంచి వచ్చే చల్లగాలి, నైరుతి నుంచి వచ్చే తేమతో కూడిన వెచ్చగాలి, తూర్పున ఐరోపా భూభాగం మీది పొడిగాలి కలుసుకునే చోట బ్రిటన్ ఉంది. సుమారు పది కిలోమీటర్ల ఎత్తున వేగంగా వీచే జెట్ ప్రవాహం ఎటు వంగితే, ఆ వారం అక్కడి వాతావరణం అటు మొగ్గుతుంది. ఇక గంటగంటకూ వచ్చే మార్పుకు కారణం వేరు. వసంతంలో ఎండకు నేల త్వరగా వేడెక్కుతుంది, పైన గాలి ఇంకా చలికాలపు చల్లదనంతోనే ఉంటుంది. వేడెక్కిన గాలి బుడగలుగా పైకి లేచి, మధ్యాహ్నానికి గోపురాల్లాంటి మబ్బులవుతుంది; అవి కురిసి వెళ్ళిపోతాయి, వెనుక మళ్ళీ ఎండ వస్తుంది. సూర్యాస్తమయంతో నేల చల్లబడగానే ఈ జల్లులు చాలావరకు ఆగిపోతాయి.

ఒకే సెలవు ఏడాదికొక తీరుగా ఉంటుంది. 2018 మే 7, సోమవారం నాడు లండన్ పశ్చిమాన నార్త్‌హోల్ట్‌లో 28.7 డిగ్రీలు నమోదై, మొదటి మే సెలవుకు రికార్డు అయింది. సెలవు రోజు కాకపోయినా, క్రికెట్ అభిమానులకు ఇంకొక ఉదాహరణ: 1975లో డెర్బీషైర్, లాంకషైర్ జట్ల మధ్య బక్స్‌టన్‌లో జరిగిన మ్యాచ్‌లో శనివారం క్లైవ్ లాయిడ్ 167 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచాడు, సోమవారం, జూన్ 2న, మైదానం మంచుతో తెల్లబడి ఆ రోజు ఆట రద్దయింది.

సూచనలను నమ్మవచ్చు కానీ, అవి చెప్పే మాటను సరిగా అర్థం చేసుకోవాలి. ‘వానకు 40 శాతం అవకాశం’ అంటే రోజులో 40 శాతం సేపు కురుస్తుందని కాదు. అటువంటి పది సందర్భాలలో నాలుగింటిలో ఆ చోట వాన పడుతుందని అర్థం. జల్లులు ఏ వీధిలో పడతాయో ముందురోజే చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. అందుచేత మూడు రోజుల ముందు సూచనను చూసి కార్యక్రమం రద్దు చేసుకోకండి. మట్టిపనిని ఉదయానికి పెట్టుకుని, మధ్యాహ్నం బయలుదేరే ముందు వాన రాడార్ చిత్రాన్ని ఒకసారి చూడండి. మబ్బు ఎటునుంచి ఎటు కదులుతోందో అందులో తెలుస్తుంది.

ప్రశ్న: మామగారి 1950ల నాటి ఉన్ని కోటు బీరువాలోంచి తీస్తే చిన్నచిన్న రంధ్రాలు కనిపించాయి. కలరా ఉండలు పెట్టనా? – ఒక పాఠకురాలు, బర్మింగ్‌హామ్

జవాబు: నాఫ్తలీన్‌తో చేసిన ఆ ఉండలు బ్రిటన్‌లో ఇప్పుడు అమ్మడం లేదు, మన ఊరి నుంచి తెప్పించుకోవద్దు కూడా. రంధ్రాలు చేసేది ఎగిరే చిన్న చిమ్మట కాదు, దాని గుడ్ల నుంచి వచ్చే పురుగు. ఉన్ని, పట్టు, ఈకలు దాని ఆహారం. వాన లేని సెలవు ఉదయాన కోటును బయటకు తెచ్చి, కాలరు కింద, జేబుల లోపల, చంకల కుట్లలో మెత్తని బ్రష్‌తో దులపండి. ఆ పురుగు వెలుతురుకు దూరంగా ఈ మూలల్లోనే దాక్కుంటుంది. తరువాత కోటును ప్లాస్టిక్ సంచిలో గాలి తీసి గట్టిగా మూసి, మైనస్ 18 డిగ్రీలున్న ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. తీసిన తర్వాత సంచి పూర్తిగా గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా విప్పవద్దు, లేకపోతే కోటు మీద తేమ పడుతుంది. ఈలోగా బీరువా అడుగునా, పక్కనున్న తివాచీ అంచుల వెంటా వాక్యూమ్ పెట్టించి, ఆ చెత్తను అదే రోజు ఇంటి బయట పారవేయండి.