సంస్కృతుల మధ్య తేడాలే ప్రపంచంలో గొడవలకు కారణమా? దోహాలో చూసినదాన్ని బట్టి నా జవాబు

"నాగరికతల మధ్య ఉన్న సాంస్కృతిక తేడాల వల్లే దేశాల మధ్య యుద్ధాలు, ఘర్షణలు వస్తున్నాయా?" అని అడిగారు. నా జవాబు: కాదు. తేడాలు గొడవను పెంచగలవు, ఏళ్ల తరబడి ఆరిపోకుండా ఉంచగలవు. కానీ గొడవ మొదలయ్యేది చాలావరకు అధికారం దగ్గర, ఆస్తి దగ్గర, భయం దగ్గర. సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి 2017లో ఖతర్‌ను వెలివేసినప్పుడు నేను దోహాలోనే ఉన్నాను. నా అభిప్రాయం చాలావరకు అక్కడ ఏర్పడిందే.

మాది జగిత్యాల దగ్గర ఊరు. దోహాలో తిండి సరుకులు దిగుమతి చేసే కంపెనీలో స్టోర్‌కీపర్‌గా పనిచేసేవాడిని. ఆ రోజు జూన్ 5, సోమవారం, రంజాన్ నెల. తెల్లారేసరికి గోదాంలో అందరి ఫోన్లూ మోగుతున్నాయి. సౌదీ బార్డర్ మూసేశారు, అబూ సమ్రా చెక్‌పోస్టు అవతల మా ట్రెయిలర్లు ఆగిపోయాయి. ఖతర్‌కు బయటి నుంచి వచ్చే తిండిలో దాదాపు 40 శాతం ఆ ఒక్క రోడ్డు మీదుగానే వచ్చేది. కంటైనర్లలో చాలావరకు దుబాయ్‌లోని జెబెల్ అలీ పోర్టులో దిగి, అక్కడ చిన్న ఓడలకు మారి వచ్చేవి. అదీ బంద్. సాయంత్రానికి సూపర్‌మార్కెట్లలో బియ్యం, చికెన్, నీళ్ల సీసాలు ట్రాలీల కొద్దీ పోతున్నాయి. మా సరుకు వెళ్లే ఒక షాపుకు వెళ్లి చూస్తే పాల ఫ్రిజ్ మొత్తం ఖాళీ. అక్కడ ఉండే పాలు, పెరుగు, లబన్ అనే మజ్జిగ అన్నీ దాదాపు సౌదీవే. లోపల లైట్లు వెలుగుతున్నాయి, రేటు చీటీలు అలాగే ఉన్నాయి, వాటి వెనక తెల్లటి ఇనుప తడకలు తప్ప ఏమీ లేవు. వారం తిరక్కుండానే అదే ఫ్రిజ్‌లోకి టర్కీ పాలు వచ్చాయి. డబ్బాల మీద పేర్లు చదివి ఏది పాలో ఏది మజ్జిగో ఎవరికీ అర్థం కాలేదు. షాపువాళ్లు అరబ్బీలో, ఇంగ్లిషులో కాగితాలు రాసి అంటించారు.

ఇంతకీ కొట్లాడుకున్నవాళ్లెవరు? సౌదీ, ఖతర్ రెండూ అరబ్బు దేశాలు, రెండూ సున్నీ, రెండూ సున్నీల్లోనే కట్టుదిట్టమైన వహాబీ దారిలో నడిచినవి. దోహాలో 2011లో తెరిచిన అతి పెద్ద మసీదుకు పెట్టిన పేరే ముహమ్మద్ ఇబ్న్ అబ్దుల్ వహాబ్, అంటే సౌదీ రాజ్యానికి మతపరమైన పునాది వేసిన మనిషి. బార్డర్‌కు రెండు వైపులా ఉన్నది అవే తెగలు. అటు ఆడపిల్లలు ఇటు కోడళ్లు, ఇటు ఆడపిల్లలు అటు కోడళ్లు. అలాంటి చోట సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్ తమ పౌరులను 14 రోజుల్లో ఖతర్ వదిలి రమ్మన్నాయి. భర్త ఒక పాస్‌పోర్టు, భార్య ఒక పాస్‌పోర్టు ఉన్న ఇళ్లలో ఆ రెండు వారాలూ ఎలా గడిచి ఉంటాయో ఊహించండి. సౌదీ ఎడారిలో మేస్తున్న ఖతరీల ఒంటెలను కూడా వేల సంఖ్యలో వెనక్కి తోలేశారు. మన ఊళ్లలో గట్టు దగ్గర తలలు పగలగొట్టుకునేది దాయాదులే. ముక్కూ మొహం తెలియనివాడితో మనకు గట్టు తగాదా ఎందుకు వస్తుంది?

అసలు కారణం గ్యాసు, దాంతో వచ్చిన ధైర్యం. 1990ల చివరి నుంచి గ్యాసును ద్రవంగా మార్చి ఓడల్లో అమ్మడం మొదలయ్యాక ఖతర్ చేతికి సొంత డబ్బు వచ్చింది. పెద్దన్న సౌదీ మాట వినాల్సిన అవసరం తగ్గింది. 1996లో అల్ జజీరా టీవీ పెట్టింది. 2011లో అరబ్బు దేశాల్లో జనం రోడ్లెక్కినప్పుడు ముస్లిం బ్రదర్‌హుడ్ అనే ఇస్లామిక్ రాజకీయ సంస్థ వైపు నిలబడింది. సింహాసనాలు ఎక్కడ కదులుతాయోనని చుట్టుపక్కల రాజులకు భయం. 2014లోనే సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్ తమ రాయబారులను వెనక్కి పిలిపించి, కొన్ని నెలల తర్వాత పంపాయి. 2017లో పెట్టిన 13 డిమాండ్లు చూడండి: అల్ జజీరా మూసెయ్, టర్కీ సైనిక స్థావరం తీసెయ్, ఇరాన్‌తో సంబంధాలు తగ్గించు, బ్రదర్‌హుడ్‌ను వదిలెయ్. ఇందులో సంస్కృతి ఎక్కడుంది? ఎవరు ఎవరి మాట వినాలన్నదే అంతా.

ఆదుకున్నదెవరు? టర్కీ తర్వాత ఇరాన్. పర్షియన్ దేశం, షియా దేశం. సంస్కృతుల లెక్క ప్రకారం సౌదీ కంటే ఎంతో దూరంలో ఉండాల్సినది. వారం లోపే ఇరాన్ నుంచి విమానాల్లో కూరగాయలు, పళ్లు దిగాయి. ప్రేమతో పంపారని నేననను. ప్రపంచంలోకెల్లా పెద్ద గ్యాస్ క్షేత్రం ఈ రెండు దేశాల మధ్య సముద్రం అడుగున ఉంది, ఇద్దరూ చెరో వైపు నుంచి తోడుకుంటున్నారు. గొడవ పెట్టుకుంటే ఇద్దరికీ నష్టం. మా కంటైనర్లు ఒమన్‌లోని సోహార్ మీదుగా రావడం మొదలైంది. 2021 జనవరిలో సౌదీలోని అల్ ఉలాలో రాజీ కుదిరేదాకా మా గోదాం అలాగే నడిచింది.

ఈ ప్రశ్న మొదట బలంగా లేచింది అమెరికా ప్రొఫెసర్ శామ్యూల్ హంటింగ్టన్ 1993లో రాసిన వ్యాసం వల్ల. ఇకపై పెద్ద ఘర్షణలన్నీ నాగరికతల సరిహద్దుల దగ్గరే వస్తాయన్నారు. నాగరికతే ముఖ్యమైతే, రష్యా, ఉక్రెయిన్ ఇద్దరూ స్లావులు, ఎక్కువమంది ఆర్థడాక్స్ క్రైస్తవులు కాబట్టి వాళ్ల మధ్య హింసకు అవకాశం తక్కువని అందులోనే ఉంది. ఏం జరిగిందో 2022 నుంచి చూస్తున్నాం. అజర్‌బైజాన్, ఆర్మేనియా ఏళ్ల తరబడి కొట్లాడుకున్న కాకసస్ ప్రాంతం వైపు చూడండి. షియాలు ఎక్కువగా ఉన్న అజర్‌బైజాన్‌కు ఇజ్రాయెల్ ఆయుధాలమ్మింది. షియా ఇరాన్ క్రైస్తవ ఆర్మేనియాతో మంచిగా ఉంటూ వచ్చింది.

అలాగని సంస్కృతికి ఏ పాత్రా లేదంటే అది కూడా తప్పే. నాయకుడు యుద్ధానికి జనాన్ని లేపాలంటే గ్యాసు లెక్కలు చెబితే ఎవరూ లేవరు, దేవుడి పేరు చెబితే లేస్తారు. సద్దాం హుస్సేన్‌ది మతానికి దూరంగా ఉండే బాత్ పార్టీ. కువైట్‌ను ఆక్రమించింది అప్పుల భారంతో, నూనె కోసం. 1991 జనవరిలో అమెరికా కూటమి దాడి దగ్గరపడ్డాక జాతీయ జెండా మీద "అల్లాహు అక్బర్" రాయించాడు. అంటే ముందు ఆక్రమణ, తర్వాత మతం.

ఇలా జనాన్ని లేపడం ఎంత పని చేస్తుందో మా క్యాంపులో కూడా చూశాను. జలంధర్ డ్రైవర్, లాహోర్ డ్రైవర్ ఒకే పంజాబీ మాట్లాడుకునేవారు, ఒకే గిన్నెలో పప్పు వండుకునేవారు. 2019 ఫిబ్రవరిలో బాలాకోట్ దాడి జరిగాక ఇద్దరూ ఫోన్లలో ఎవరి దేశపు వీడియోలు వాళ్లు చూస్తూ, కొన్నాళ్లు వేరువేరుగా తిన్నారు. వాళ్ల మధ్య భాష మారలేదు, తిండి మారలేదు. ఇద్దరికీ ఉన్న టెన్షనల్లా ఇంటి దగ్గర పిల్లల గురించే.

నా వాదనకు గట్టిగా ఎదురు నిలిచేది బోస్నియా. ఆర్థడాక్స్ క్రైస్తవులైన సెర్బులు, క్యాథలిక్ క్రైస్తవులైన క్రొయేట్లు, ముస్లింలైన బోస్నియాక్‌లు, 1992 నుంచి 1995 దాకా ఘోరమైన యుద్ధం. కానీ అంతకుముందు వాళ్లు ఒకే దేశంలో, దాదాపు ఒకే భాష మాట్లాడుతూ బతికారు. సరాయెవోలో మతాంతర వివాహాలు మామూలు విషయం. యుగోస్లావియా అప్పుల్లో కూరుకుపోయి కూలుతున్నప్పుడు, కుర్చీల కోసం నాయకులు ఆ తేడాలను ఆయుధం చేసుకున్నారు. ఆ తర్వాత తేడాలు నిజంగానే పెరిగాయి. అక్కడ కొన్ని బడుల్లో క్రొయేట్ పిల్లలు, బోస్నియాక్ పిల్లలు ఒకే భవనంలో వేరువేరు పాఠ్యప్రణాళికలు చదువుకునే పద్ధతి యుద్ధం తర్వాతే వచ్చింది. వాళ్ల తల్లిదండ్రులు పక్కపక్క బెంచీల్లో కూర్చుని చదువుకున్నవాళ్లు.