స్వీట్ కౌంటరు, టిఫిన్ సెక్షన్ రెండూ ఉన్న షాపులో గ్యాస్ బిల్లు మీది జీఎస్‌టీని ఎలా రాయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఒకే జీఎస్‌టీ నంబరు మీద స్వీట్ కౌంటరు, టిఫిన్ సెక్షన్ నడుస్తున్నాయి. వంటకు 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు, జనరేటర్‌కు డీజిల్ కొంటున్నారు. బిల్లులోని పన్నును వేరే పద్దులో పెట్టాలా, ఖర్చులో కలిపేయాలా?

డీజిల్‌ది చిన్న పనే, ముందు అది తేల్చేద్దాం. డీజిల్ జీఎస్‌టీ పరిధిలోనే లేదు. దాని మీద ఉన్నది వ్యాట్ (రాష్ట్రం వేసే అమ్మకం పన్ను), అది మీకు తిరిగి రాదు. కాబట్టి బంకు బిల్లు మొత్తం ఖర్చే. టాలీలో (పద్దుల సాఫ్ట్‌వేర్‌లో) ఆ లెడ్జర్‌ను నాన్-జీఎస్‌టీగా పెట్టండి, లేకపోతే పన్ను లెక్క చూపే రిటర్ను జీఎస్‌టీఆర్-3బీ 5వ పట్టికలో ఆ అంకె రాదు. పైపు గ్యాస్‌దీ ఇదే దారి, సహజ వాయువు కూడా ఇంకా వ్యాట్‌లోనే ఉంది.

ఇక సిలిండరు. కమర్షియల్ ఎల్‌పీజీ మీద 18 శాతం. బిల్లు విలువ 18,000 అనుకుంటే సీజీఎస్‌టీ (కేంద్రం వాటా) 1,620, ఎస్‌జీఎస్‌టీ (రాష్ట్రం వాటా) 1,620, మొత్తం 21,240. ఈ 3,240 ఎక్కడికి పోవాలన్నది ఆ గ్యాస్‌తో ఏం వండి అమ్మారన్న దాన్ని బట్టి ఉంటుంది. కిలోల లెక్కన అమ్మే స్వీట్లకైతే క్రెడిట్ వస్తుంది, అంటే మీ అమ్మకాల మీద కట్టాల్సిన పన్నులోంచి దీన్ని తగ్గించుకోవచ్చు: గ్యాస్ ఖర్చు 18,000, ఇన్‌పుట్ పన్ను రెండు పద్దుల్లో 1,620 చొప్పున, డీలరుకు 21,240 జమ. టిఫిన్ సెక్షన్ క్రెడిట్ లేని 5 శాతం రేటులో ఉంది కాబట్టి దానికి వాడిన గ్యాస్‌కైతే 21,240 అంతా ఖర్చే. కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు టర్నోవరు మీద కొద్ది శాతం పన్ను కట్టే పథకంలో) ఉన్నవాళ్లకూ అంతే.

మీ చిక్కంతా ఒకే గ్యాస్ బ్యాంకు (ఒకచోట కలిపి పెట్టిన సిలిండర్ల వరుస) నుంచి రెండు వంటిళ్లకూ పైపు వెళ్లడంలో ఉంది. అలాంటప్పుడు ముందు క్రెడిట్ మొత్తం తీసుకుని, నెలాఖరున టిఫిన్ వాటా వెనక్కి తిప్పాలి. క్రెడిట్ లేని రేటు కాబట్టి ఈ లెక్కలో టిఫిన్ అమ్మకాన్ని పన్ను లేని అమ్మకంలాగే చూస్తారు. నెలలో స్వీట్లు 6 లక్షలు, టిఫిన్లు 4 లక్షలు అమ్మితే 40 శాతం, అంటే 1,296 తిప్పాలి. ఎంట్రీ: గ్యాస్ ఖర్చు డెబిట్ 1,296, ఇన్‌పుట్ సీజీఎస్‌టీ పద్దుకు క్రెడిట్ 648, ఇన్‌పుట్ ఎస్‌జీఎస్‌టీ పద్దుకు క్రెడిట్ 648. 3బీలో ఇది 4(బి)(1) గడిలోకి వెళ్తుంది. అమ్మకాలు పన్ను తీసేసిన అంకెలే తీసుకోండి. కౌంటరు కలెక్షన్ చూసి నిష్పత్తి కడితే తేడా రావచ్చు. ఏడాది అయ్యాక మొత్తం టర్నోవరుతో మళ్లీ లెక్క కట్టాలి. తక్కువ తిప్పి ఉంటే వడ్డీతో కట్టాలి, ఎక్కువ తిప్పి ఉంటే వెనక్కి తీసుకోవచ్చు. టేబుల్ మీద ప్లేట్లో వడ్డించిన జిలేబీ టిఫిన్ బిల్లులోకే వెళ్లాలి, స్వీట్లలోకి కాదు.

నన్నడిగితే ఈ తలనొప్పి కంటే రెండు సెక్షన్లకూ సిలిండర్లు విడగొట్టడం మేలు. రెండు వేర్వేరు కన్స్యూమర్ నంబర్లు ఉంటే బిల్లులే విడిగా వస్తాయి, గ్యాస్ మీద నిష్పత్తి లెక్క అవసరం ఉండదు.

క్రెడిట్ పోయేది ఎక్కువగా బిల్లు దగ్గరే. డెలివరీ అబ్బాయి చేతిలో పెట్టే క్యాష్ మెమోలో మీ జీఎస్‌టీ నంబరు ఉండదు. డీలరు దాన్ని మామూలు వినియోగదారుడి అమ్మకంగా చూపిస్తాడు, మీ జీఎస్‌టీఆర్-2బీలో (డీలర్లు మీ నంబరు మీద చూపించిన బిల్లుల జాబితాలో) రాదు. ఏజెన్సీకి వెళ్లి కన్స్యూమర్ నంబరుకు మీ జీఎస్‌టీ నంబరు ఎక్కించమనండి. ప్రతి నెలా 14న 2బీ వచ్చాక బిల్లులు సరిచూసుకోండి. అందులో రాని పన్నును 'రావలసిన జీఎస్‌టీ' అని వేరే పద్దులో ఉంచి డీలరును అడుగుతూ ఉండండి. బిల్లు ఉన్న ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాటినా, అంతకు ముందే వార్షిక రిటర్ను వేసేసినా ఇక దొరకదు. నగదు అడిగినా బ్యాంకు ద్వారానే ఇవ్వండి, ఒకే రోజు ఒకరికి 10,000 దాటి నగదు ఇస్తే ఆదాయపు పన్నులో ఆ ఖర్చు ఒప్పుకోరు.

గత నెల ఎంట్రీ కాపీ చేసి రేటు మార్చకుండా వదిలేసే అలవాటు ఉంటే మానుకోండి. కమర్షియల్ సిలిండరు ధర దాదాపు ప్రతి నెలా 1న మారుతుంది. ఇంటి 14.2 కిలోల సిలిండరు షాపులో వాడటం నేరం. దాని బిల్లు పుస్తకాల్లోకి ఎక్కిస్తే మీకు మీరే సాక్ష్యం రాసిచ్చినట్టు.

కొత్త కనెక్షన్‌కు కట్టిన డిపాజిట్ ఖర్చు కాదు, తిరిగొచ్చే డబ్బు కాబట్టి ఆస్తుల వైపు రాయండి. గ్యాస్ బ్యాంకు పైపులు, వాల్వుల ఖర్చు స్థిర ఆస్తి (ఫిక్స్‌డ్ అసెట్), ఏటా తరుగుదల వేయాలి. మార్చి 31న మిగిలిన గ్యాస్ స్టాకులోకి రావాలి. సగం వాడిన సిలిండరును కాటా మీద పెట్టి, దాని మీద ముద్రించి ఉన్న ఖాళీ బరువు తీసేస్తే మిగిలిన కిలోలు తేలతాయి. కొత్త సిలిండరు దించేటప్పుడూ ఇలాగే తూచి తీసుకోండి, 19 కిలోలకు డబ్బు కట్టి 17 వాడుకోవడం ఎందుకు?